లేని జబ్బు

నీలం ప్లాస్టిక్ ఫైలు నడింట్లో బోర్లా పడి ఉంది. విసిరింది లక్ష్మీరాజం. ఎత్తడానికి ఎవరూ వంగలేదు.

"గింత ఫైలు ఎవలు పట్కపొమ్మన్నరే నిన్ను?" అన్నాడు భార్యతో. "డాక్టర్ పాత కాయితాలు అడిగితె ఆధార్ కార్డు సూపిచ్చి సప్పుడు జేక కూసోవద్దా?"

భూదేవి దేవుని గూడు ముందు దీపం వత్తి ఎగదోస్తోంది. శ్రావణ శుక్రవారం. తెల్లవారకముందే ఇల్లు కడిగింది, గడపకు పసుపు రాసింది. ఇంత చేసినా ఇంట్లోకి లక్ష్మి రావాల్సిన వేళకు లొల్లి వచ్చి కూర్చుంది.

"పాత కాయితాలన్నీ తెమ్మన్నడు. తీస్కపోయిన," అంది వెనక్కి తిరగకుండానే.

"అన్నీ అంటె అన్నీనా?"

"అన్నీ అంటె అన్నీ గాక?"

సూరత్‌కు వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక్క కాగితం పారేయలేదు. డిండోలిలో అద్దెకున్న మొదటి గది రసీదు నుంచి మొన్న వేయించుకున్న కరోనా టీకా చీటీ వరకు అన్నీ ఆ ఫైలులోనే. ఈ ఊళ్ళో ఎక్కడికి పోయినా ముందు నీ కాగితం ఏదీ అంటారు. అందుకని నిన్న కూతురితో పోయి, విమానం నడిపేవాళ్ళను పరీక్షించే డాక్టర్ బల్ల మీద ఫైలును కొంచెం గర్వంగానే పెట్టింది. ఆయన ఒక్కొక్క కాగితం తిప్పుతూ పోయాడు. ఒకచోట ఆగాడు.

పోయినేడు మే నెల. డిండోలి క్లినిక్ ముద్ర. పేషెంటు పేరు హారతి, వయసు పద్దెనిమిది. రెండేళ్ళుగా మూర్ఛ రోగం. మందుల మీద ఉంది.

అందులో పేరూ వయసూ తప్ప ఒక్క ముక్క నిజం లేదు. హారతికి పుట్టి బుద్ధెరిగి మూర్ఛ రాలేదు. లాక్‌డౌన్‌లో ఊరికి పోవడానికి పాసు కావాలని రాయించిన చీటీ అది. పని అయిపోయాక చింపి పొయ్యిలో వెయ్యాల్సింది. భూదేవి మడత పెట్టి ఫైలులో దాచింది.

"చదివినవా బాపూ, ఏం రాసిండో?" హారతి గోడకు ఆనుకుని నిలబడి ఫోన్ చూపించింది. "టెంపరరీ అన్‌ఫిట్. అంటె ఇప్పటికైతె పనికిరాదు అని. రేపు పన్నెండు గంటల వరకు మనం ఏదన్న చెప్పకపోతె గదే ఢిల్లీల విమానాల ఆఫీసుకు పోతది. ఇగ ఎన్నడు విమానం ముట్టనియ్యరు నన్ను."

"ముట్టకపోతె ఏమైతది? నీ తాత ముట్టిండా? నేను ముట్టిన్నా?"

"మీరు అడగలే. నేను అడుగుతున్న."

పిల్ల మాట మాటకూ అడ్డం వస్తుందని తిట్టడానికి లక్ష్మీరాజానికి వీలు లేదు. ఆ ఎదురు మాట్లాడే గుణం తనదే. కరెంటు మగ్గాల మీద, సాంచెల మీద, కూలీగా చేరి, మాస్టర్ అయి, ఇప్పుడు కిరాయి షెడ్డులో సొంతంగా పన్నెండు సాంచెలు నడుపుతున్నాడంటే ఆ గుణమే కారణం.

సలాబత్‌పురాలో చీరల వ్యాపారం చేసే సేఠ్ ఒకాయన, చనిపోయిన కూతురి పేరు మీద ఏటా ఇద్దరు ఆడపిల్లలకు చిన్న విమానం నడపడం నేర్పిస్తాడు. లక్ష్మీరాజం నేసిన బట్ట ఆయన కొట్టుకే పోతుంది. ఈ ఏడు నూట నలభై మంది పరీక్ష రాస్తే అందులో హారతి రెండోది. ఇక మిగిలింది ఒక్క డాక్టర్ సర్టిఫికెట్. నెలాఖరు లోపల ఇవ్వకపోతే ఆ సీటు మూడో పిల్లకు పోతుంది.

కళ్ళు చూశారు, బాగున్నాయి. చెవులు చూశారు, బాగున్నాయి. గుండె, ఊపిరి, రక్తం అన్నీ బాగున్నాయి. లేని జబ్బు ఒక్కటి అడ్డం వచ్చింది.

"బాపూ, ఒక్క కాయితం రాసియ్యి. 'పాసు కోసం నేనే గట్ల రాయించిన, నా బిడ్డకు ఏ రోగం లేదు' అని. అంతే."

"అంతేనా? సర్కార్‌ను మోసం జేసిన అని నా చేతుల నేనే రాసియ్యాలె?"

"చేసినం గదా?"

ఆ మాటకు ఇంట్లో ఉన్న ముగ్గురూ ఎవరి మొహం వాళ్ళు తిప్పుకున్నారు.

భూదేవికి ఆ రోజులు కళ్ళ ముందే ఉన్నాయి. అత్త రాజమ్మ సిరిసిల్లలో మంచం పట్టింది. ఒక్కడే కొడుకు. బస్సు లేదు, రైలుకు పేరు రాయిస్తే ఇరవై రోజులు అన్నారు. చావు పాసు కావాలంటే చచ్చిన తరువాతే ఇస్తారు. బతికుండగా చూడాలంటే ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు ఉండాలి, అదీ ఊళ్ళో డాక్టర్ దగ్గరే నయం కావాలి. లక్ష్మీరాజానికి బీపీ అని రాస్తే చాలదన్నారు. అప్పుడు భూదేవే అంది, పిల్లకు ఫిట్స్ అని రాయించమని.

రాష్ట్రం సరిహద్దులో నవాపూర్ నాకా దగ్గర పోలీసులు బండి ఆపితే, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పిడికిట్లో ఇంటి తాళంచెవులు పెట్టి మూసింది. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడతారు గదా, చూసేవాళ్ళు నమ్మాలని. నమ్మారు. ఒక ఆడ పోలీసు కిటికీలోంచి చెయ్యి పెట్టి హారతి తల నిమిరి, "ఠీక్ హో జాయేగీ" అని తన నీళ్ళ సీసా ఇచ్చింది. ఆ ఎండలో ఆమెకు మళ్ళీ నీళ్ళు ఎక్కడ దొరికాయో.

అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ సీసా తీసుకున్నందుకే భూదేవి చాలాసార్లు దేవుని ముందు చెంపలు వేసుకుంది. లేని రోగాన్ని పేరు పెట్టి పిలిచాం, అది నిజంగా వస్తుందేమోనని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది కూడా. కానీ అత్త చివరి చూపుకు కొడుకు అందాడు. ఆయన చేతి తీర్థం తాగిన నాలుగు గంటలకు కన్నుమూసింది. అది తప్పా, ఒప్పా? భూదేవి ఎన్నిసార్లు అడిగినా గూట్లో దేవుడు ఏమీ తేల్చి చెప్పలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది.

* * *

వచ్చింది రాజనర్సు. లక్ష్మీరాజం కంటే పదేళ్ళు పెద్ద. తెలుగువాళ్ళ పద్మశాలి సంఘానికి ముందునుంచీ పెద్దమనిషి. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా మొదట అతనికే కబురు పోతుంది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కింద పడ్డ ఫైలును దాటి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏంది లక్ష్మీరాజం, ఇల్లంత చల్లగున్నది? కూలర్ కొన్నవా?"

ఎవరూ నవ్వలేదు.

"ఫోన్ల చెప్పినవ్ గదా, అందుకే వచ్చిన. చూడు, గీంట్ల లొల్లి పడేటిది ఏం లేదు. ఇంకో డాక్టర్ దగ్గరికి పోండ్రి. గీ ఫైలు తీస్కపోకుండ్రి. ఫిట్స్ ఉన్నయా అంటె లేవు అని గీత గియ్యి. అయిపాయె."

"అట్ల కాదు పెద్దబాపూ," అంది హారతి. "ఇంతకుముందు ఎవరన్న అన్‌ఫిట్ అన్నరా అని గూడ ఫారంల అడుగుతరు. లేదు అని రాస్తె అది ఇంకో అబద్ధం. ఆయన ముందే ఆన్‌లైన్‌ల ఎక్కిచ్చిండు."

"అయితె ఆ ముసలాయనకే ఏమన్న..." రాజనర్సు బొటనవేలూ చూపుడువేలూ రుద్ది చూపించాడు.

"ఆయన ఎయిర్ ఫోర్స్‌ల చేసి రిటైరైండు. చాయ్ ఇస్తెనే తాగలే."

"మరైతె ఏం జేద్దామని?"

"నిజం చెప్తం."

రాజనర్సు లక్ష్మీరాజం వైపు తిరిగాడు. ఇప్పుడు అతని గొంతులో ఎకసెక్కం లేదు.

"నీ బిడ్డ చిన్నది, తెల్వదు. నీకైతె తెలుసు గదా. నిరుడు ఆ చీటీలు నీ ఒక్కనికే రాయిచ్చిన్నా నేను? పన్నెండు ఇండ్లకు రాయిచ్చిన. ఒకలకు కిడ్నీ, ఒకలకు గుండె. మన లస్మయ్యకైతె కాన్పు అని రాసిచ్చె పరిస్థితి వచ్చింది, ఆడమనిషి లేదు గాబట్టి బతికిపోయిండు. ఒక్క చీటీ దొంగది అని బయటపడితె, ఆ క్లినిక్‌ది ఇంకేమేం పోయినయో చూడుమంటరు. పన్నెండు ఇండ్ల మీదికి వస్తది."

"పన్నెండు మందికి రాసిన ఆ డాక్టర్ ఉంటె ఆయననే అడుగుదుము," అంది హారతి.

"ఏడున్నడు? పోయిన ఏప్రిల్‌ల కరోనాకు మనకే సూదులేసుకుంట పాయె. మనదగ్గర ఫీజు గూడ తీస్కోలే ఆ మారాజు. ఇప్పుడు చచ్చినోని పేరు చెడగొడ్తరా?"

ఈ మాట హారతికి తగిలింది. ఆమె తల దించుకోవడం భూదేవి చూసింది. డాక్టర్ పోయినరోజు క్లినిక్ షట్టరు ముందు దండ వేసి వచ్చింది హారతే.

రాజనర్సు లేచాడు. లేస్తూ, అసలు చెప్పడానికి వచ్చిన మాట చెప్పాడు.

"ఎల్లుండి నూలు పున్నం. ఈ యేడు మార్కండేయుని గుళ్ళె మగ్గం మీద కూసునే వంతు నీది. దేవునికి బట్ట నేసేటోని మీద పోలీసు కాయితం ఉంటె సంఘం ఊకోదు. నేను ఊకున్నా మిగిలినోళ్ళు ఊకోరు. మరి నీ ఇష్టం."

లక్ష్మీరాజం మొహం నల్లబడింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన వంతు అది. ఆ శ్రావణ పున్నమినాడు సూరత్‌లో ఉన్న పద్మశాలీలంతా చూస్తుండగా, మరసాంచె కాదు, కాళ్ళతో తొక్కే అసలైన మగ్గం మీద కూర్చుని, ఒక్కపూటలో దేవునికి పైబట్టగా శేలవ నేసి కప్పడం. తన తండ్రి ఊళ్ళో రెండుసార్లు కూర్చున్నాడు. ఆయన వాడిన, పోగును అటూ ఇటూ నడిపే నాడెను లక్ష్మీరాజం వారం కింద నూనె రాసి పెట్టుకున్నాడు.

"నేను ఏ కాయితం రాస్తలేనన్నా," అన్నాడు. "రాయ."

ఇన్నాళ్ళూ అతను ఏదన్నా ఖరారుగా చెబితే భూదేవి అక్కడితో ఆపేసేది. ఈసారి దీపం దగ్గర నుంచి లేచి, కొంగు భుజం మీదుగా తిప్పుకుని, వంగి, ఫైలును ఎత్తింది.

"బావా, ఒక్క మాట అడుగుత, తప్పు పట్టకు," అంది రాజనర్సుతో. "దేవునికి బట్ట నేసేటోడు ముందుగాల నిజం చెప్పద్దా? చెప్పినోడు పనికిరాడా, దాచినోడు పనికొస్తడా? నాకు చదువు లేదు. నువ్వు జర చెప్పు."

"శాస్త్రం మాట్లాడుతున్నవా భూదేవీ?"

"శాస్త్రం నాకేడ తెలుసు? అడుగుతున్న."

"పన్నెండు ఇండ్ల సంగతి చెప్పిన గదా."

"నేను పన్నెండు ఇండ్ల సంగతి చెప్ప. నా ఇంటి సంగతి చెప్త. చీటీ నువ్వు తెచ్చినవని గూడ చెప్ప. ఫిట్స్ అన్న మాట మొదలు అన్నది నేను. మా ఆయన బీపీ అన్నడు, నేను పిల్లకు ఫిట్స్ అన్న. అన్న నోరు నాది. నేనే పోయి చెప్త."

లక్ష్మీరాజం విసురుగా లేచాడు. "ఇల్లు దాటి పోయినవంటె..."

"పోయినంటె?"

ఆ మాటకు చివర ఏముందో అతనికీ తెలిసినట్టు లేదు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమె అట్లా ఎదురు ప్రశ్న వేయడం అదే మొదలు. గోడ మీది గడియారం పదిన్నర కొట్టింది. సందులో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల ఆ అరుపు వినడానికే నిలబడ్డట్టు నిలబడ్డారు.

చివరికి అతను చొక్కా తగిలించుకుని సాంచెల షెడ్డుకు వెళ్ళిపోయాడు. అన్నం డబ్బా తీసుకోలేదు. రాజనర్సు అతని వెనకే పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆలోచించుకో మరదలా" అన్నాడు.

"మస్తు ఆలోచించిన బావా. ఏడాది నుంచి గదే పని."

తరువాత కూతురితో అంది. "మాస్కు పెట్టుకో. పోదాం."

* * *

షేర్ ఆటోలో ముగ్గురికి మించి ఎక్కించవద్దని రూలు. డ్రైవర్ ఐదుగురిని ఎక్కించాడు. తల్లీ కూతుళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చున్నారు.

"అమ్మా, బాపు నీతోని మాట్లాడడు ఇగ."

"మాట్లాడకపోతె నయమే. టీవీ సక్కగ వినొచ్చు."

హారతి మాస్కు లోపల నవ్వింది. కాసేపాగి, "నీకు నేను విమానం నడుపుడు ఇష్టమేనా?" అని అడిగింది.

"భయమే. ఇష్టం గూడ." భూదేవి ఒళ్ళోని ఫైలును సర్దుకుంది. "నన్ను ఎక్కిస్తవా?"

"పక్క సీట్ల కూసోబెడ్త. కని ఊకె ఊకె 'మెల్లగ, మెల్లగ' అనద్దు."

"అంట. అనకుంట ఎట్లుంట?"

డాక్టర్ ఇల్లే దవాఖానా. వరండాలో కుర్చీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. ఆయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల మీసాలు మాస్కు పక్కల నుంచి బయటికి వచ్చి ఉన్నాయి. గుజరాతీలో అక్కను పిలిచినట్టు 'బెన్' అంటూ, హిందీలో మాట్లాడాడు. భూదేవి తన సూరత్ హిందీలో బదులు చెప్పింది.

"కూర్చోండి బెన్. మీ ఆయన రాలేదా?"

"రాలేదు సార్. నేను చెప్పేటందుకు వచ్చిన."

చెప్పింది. అత్త మంచం పట్టడం, పాసు దొరకకపోవడం, ఫిట్స్ అన్న మాట తన నోటి నుంచే రావడం, నాకా దగ్గర తాళంచెవులు, ఆ ఆడ పోలీసు నీళ్ళ సీసా. ఎవరు రాయించారో, ఇంకెవరికి రాయించారో చెప్పలేదు. తన ఇంటి మట్టుకు ఏదీ దాచలేదు.

డాక్టర్ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పైలట్ కావాలనుకునే ప్రతి పిల్లవాడి తల్లీ నా దగ్గరికి వచ్చి నా బిడ్డకు జబ్బు లేదనే చెబుతుంది. ఉన్నవాళ్ళ తల్లులు కూడా. మిమ్మల్ని ఎట్లా నమ్మను?"

భూదేవి నివ్వెరపోయింది. అబద్ధం చెప్పినరోజు ఒక్క మాటకు అందరూ నమ్మారు. కలెక్టర్ ఆఫీసు నమ్మింది, పోలీసులు నమ్మారు, నీళ్ళు కూడా ఇచ్చారు. ఇవాళ నిజం చెబితే సాక్ష్యం అడుగుతున్నాడు.

"అప్పుడు అబద్ధం నమ్మిండ్రు సార్. ఇప్పుడు నిజం నమ్ముండ్రి. లోకం గట్ల ఉల్టా ఎందుకు నడువాలె?"

డాక్టర్ మీసాల కింద కొంచెం నవ్వినట్టుంది. "నేను పోలీసును కాను బెన్. పాసు సంగతి నాకు అవసరం లేదు. నాకు కావలసింది ఒక్కటే. గాలిలో ఈ అమ్మాయి ఒక్కతే ఉన్నప్పుడు ఏమీ కాదని నేను సంతకం పెట్టాలి. అయితే గియితే ఆమె ఒక్కతే పడదు, కింద ఎవరి ఇంటి మీదనో పడుతుంది. తల పరీక్ష చేయిద్దాం. నరాల డాక్టర్ చూస్తాడు. మీరు చెప్పిందంతా రాసి సంతకం పెట్టండి, నేను జతచేసి పంపుతాను. దారి ఉంది."

హారతి ఊపిరి వదిలింది. ఆ చప్పుడు బల్లకు అటువైపు దాకా వినబడింది.

"ఇంకొక్క ప్రశ్న. ఇది అందరినీ అడిగేదే." ఆయన కలం తీసుకున్నాడు. "అమ్మాయి ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా, తెలివి తప్పి పడిపోయిందా? ఫారంలో 'లేదు' అని రాసింది. అదే ఉంచమంటారా?"

"లేదు సార్," అంది హారతి.

భూదేవికి సిరిసిల్ల ఇంటి గడప గుర్తొచ్చింది.

అత్త పాడె లేపిన వేళ. రెండు రాత్రులు బండిలో కూర్చుని, తిండి తిప్పలు లేక, మే నెల ఎండలో గడప ముందు నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే కూలింది. లక్ష్మీరాజం అప్పటికి నిప్పుకుండ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. కొరివి పెట్టేవాడు వెనక్కి చూడకూడదు. కుండ కింద పెట్టకూడదు. అతను కుండను నేల మీద పెట్టి వెనక్కి పరుగెత్తి బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. చూసిన పదిమందీ తలలు పక్కకు తిప్పుకున్నారు. ఆ మాట మళ్ళీ ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు, ఇంట్లోనూ ఎత్తలేదు. తల్లి పయనంలో అపచారం చేశానని అతను కుమిలిపోతాడని భూదేవి ఆ రోజునే నోట్లోంచి తీసేసింది. ఎండకు నిద్ర పట్టిందే నీకు అని పిల్లకు చెప్పారు. పిల్ల నమ్మింది.

ఫిట్స్ గురించే నిజం చెప్పి పోదామని వచ్చింది. ఇప్పుడు నిజం ఇంకో అడుగు రమ్మంటోంది. ఇక్కడ నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పిల్ల గండం గట్టెక్కుతుంది. లేదు అనే మాట ఎంత చిన్నది! కింద ఎవరి ఇంటి మీదనో అన్న డాక్టర్ మాట చెవిలో ఉంది. ఉపవాసం నోటితో, శుక్రవారంనాడు, ఇంట్లో దీపం వెలిగించి వచ్చింది. గురి తప్పకుండా ఇప్పుడే అడగాలా స్వామీ అనుకుంది.

"బెన్?"

"పడ్డది సార్. ఒక్కసారి పడ్డది."

హారతి గిరుక్కున తల్లి వైపు తిరిగింది. "ఏందమ్మా? ఎప్పుడు?"

"నాయనమ్మ పోయిన రోజు. నీకు తెల్వదు. నిద్రపోయినవ్ అని చెప్పినం."

హారతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, మోసపోయిన బాధో. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. బయటికి పోతుందనుకుంది భూదేవి. పోలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి డాక్టర్ ముందుకు వంగింది.

"రాయండి సార్. నేను లేదు అని రాసింది కొట్టేసి, ఒకసారి పడింది అని రాయండి. అక్కడ నా సంతకం పెడతాను. తల పరీక్ష, గుండె పరీక్ష, ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ చెయ్యండి. పది చెయ్యండి. నిజంగా జబ్బుంటే నేనే మానుకుంటాను. కానీ ఉన్నదో లేదో చూడకుండా, కాగితం చూసి నన్ను ఆపితే మాత్రం ఊరుకోను. ఢిల్లీ దాకా వస్తాను."

"కూర్చో," అన్నాడు డాక్టర్ మెల్లగా. ఫారంలో పాత మాట మీద గీత గీసి, తేదీ వేసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది.

"ఎండకు, ఆకలికి పడిపోవడం జబ్బు కాదు. చాలామంది పడతారు," అన్నాడు. "కానీ పడ్డప్పుడు ఎట్లా పడిందన్నదే ముఖ్యం. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయా? కళ్ళు పైకి పోయాయా? ఎంతసేపటికి లేచింది? ఈ మూడింటి మీదే నిలబడుతుంది కేసు. చెప్పండి బెన్."

భూదేవి తల అడ్డంగా ఊపింది.

"నేను చూడలే సార్. ఇంటి లోపల్నుంచి ఉరికొచ్చెటాలకు ఆయన ఒళ్ళె ఉన్నది. నాకు ఆయన వీపే కనిపించింది."

"అయితే చూసింది ఎవరు?"

"మా ఆయన ఒక్కడే. మిగిలినోళ్ళు తల తిప్పుకున్నరు."

"ఆయన చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు."

భూదేవి ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఏం చెబుతాడు? కాళ్ళు కొట్టుకున్నాయి అంటే? ఏడాదిగా అతను ఆ మాట ఎత్తకపోవడం కుండ దించినందుకు కాక, ఒళ్ళో చూసినదానికే అయితే? ఆ ఆలోచన ఆమెకు ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు వచ్చి పోనంటోంది.

మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తాడు. ఫోన్ నిండా సాంచెల మోత.

"నేను," అంది. "డాక్టర్ దగ్గరున్న. అత్తమ్మ పోయిన రోజు బిడ్డ పడ్డ ముచ్చట చెప్పిన."

అటువైపు మోత ఒక్కటే.

"వింటున్నవా? నువ్వు కుండ దించినవని ఎవలు ఏమన్నా నేను పడ్త. కాని బిడ్డ నీ ఒళ్ళె ఎట్లున్నదో నీకొక్కనికే ఎరుక. నా కోసం చెప్పకు, బిడ్డ కోసం గూడ చెప్పకు. ఎట్ల చూసినవో గట్ల చెప్పు. ఏదైతె గదే చెప్పు."

మోతలో ఏదో తేడా వచ్చింది. భూదేవి ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది. ఒక సాంచె ఆగింది. దాని పక్కది ఆగింది. నడుమ షిఫ్టులో, పోగు తెగకుండా, కరెంటు పోకుండా ఆ మనిషి సాంచె ఆపడం ఆమె ఎన్నడూ వినలేదు. వరుసగా ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. చివరిదీ ఆగాక, అటువైపు షెడ్డులో అతని ఊపిరి ఒక్కటే వినబడింది.

"ఫోన్ డాక్టర్‌కియ్యి," అన్నాడు లక్ష్మీరాజం. "బిడ్డను జర బయట కూసోమను."